రైతుకు నంబరిస్తున్నారు సరే, జవాబెవరిస్తారు?

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థులు, రైతు కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో మన సంఘం కార్యకర్త చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



పొద్దున తార్నాకలో బస్సు దిగి ఇక్కడికి నడుచుకుంటూ వచ్చాను. దారిలో ఒక విద్యార్థి కలిసి, ‘అన్నా, తార్నాకకు ఆ పేరెలా వచ్చిందో తెలుసా?’ అని అడిగాడు. పెద్దలు చెప్పే మాట ఒకటుంది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ ఒక పెద్ద మామిడి తోట ఉండేదట. దాని చుట్టూ ముళ్ల తీగ వేసి, చౌకీ పెట్టి, మనిషిని నిలబెట్టారట. అదే తార్‌నాకా, తార్నాక అయిందంటారు.

ఈ రోజు నేను మాట్లాడేది కూడా కంచె గురించీ, చౌకీ గురించే. ఆ కాలపు కంచె కంటికి కనిపించేది. చౌకీ దగ్గర మనిషి ఉండేవాడు. బతిమాలినా, కొట్లాడినా, తిట్టినా ఎదురుగా ఒక ముఖం ఉండేది. ఇప్పటి కంచె కనిపించదు. చౌకీ దగ్గర మనిషి లేడు. ‘సర్వర్ తీసుకోవట్లేదు’ అన్న ఒక్క మాట ఉంది.

ముందే ఒక సంగతి చెప్పాలి. మనం శాస్త్రానికి వ్యతిరేకులం కాదు. ఇదే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మీ విశ్వవిద్యాలయం పుట్టింది కూడా 1918లోనే. పేదవాడు ఏం తింటున్నాడు, ఏం తక్కువవుతోంది అని ఆ సంస్థ వాళ్లు ఊళ్లకు వచ్చి లెక్కలు తీశారు. లెక్కలు తీయడం తప్పు కాదు. ఆ లెక్క ఎవరి కోసం, ఎవరి చేతిలో ఉంటుంది, తప్పు పడితే దిద్దేదెవరు? మన ప్రశ్నలు ఇవి మూడే.

పత్తి రైతు ఒక్క ఏడాది

మన పత్తి రైతు 2025 వానాకాలం ఎలా గడిచిందో చూడండి. యూరియా కావాలంటే దుకాణంలో మిషన్ మీద వేలు పెట్టాలి. తరవాత యూరియా బుక్ చేసుకోవడానికి కూడా యాప్ వచ్చింది. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈ-కేవైసీ చేయించాలి. పత్తిని సీసీఐకి అమ్ముకోవాలంటే ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాట్ బుక్ చేసుకున్నాకే మిల్లుకు బండి కట్టాలి. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే తీసుకోరు. అక్టోబరు చివర మొంథా తుపానుకు పత్తి తడిసింది. దాని మీద ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటామన్న నిబంధన వచ్చింది. అంతకుముందు 12 ఉండేది.

ఇందులో తేమ రైతు చేతిలో లేదు. వాన రైతు చేతిలో లేదు. కానీ స్లాటు? అది మనుషులు పెట్టిన నియమం. స్మార్ట్ ఫోన్ లేనివాడు, ఆధార్‌కు కట్టిన ఫోన్ నంబరు మారిపోయినవాడు, పట్టా ఇంకొకరి పేరున ఉన్న కౌలుదారు ఏం చేయాలి? ఇంటి ముందుకు వచ్చిన దళారికి తక్కువ ధరకు అమ్ముకోవాలి. దళారిని తీసేస్తామని తెచ్చిన యాప్, ఫోన్ చేతకాని రైతును మళ్లీ దళారి దగ్గరికే తోలింది. యాప్ వాడొద్దని నేను అనడం లేదు. ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి పనికీ కాగితం మీద జరిగే దారి కూడా పక్కనే ఉండాలంటున్నాను.

రైతుకు దాచుకునేదేముంది?

‘గోప్యత’ అనగానే చాలామంది నవ్వుతారు. ‘అది పట్నం మాట, రైతు దగ్గర దాచుకోవడానికి ఏముంది?’ అంటారు. ఇక్కడ చదువుకునే పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, వెనక కూర్చున్న పెద్దమనుషులకు పశువుల సంత తెలుసు. ఎడ్ల బేరం ఎలా జరిగేది? అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాల కప్పుకునేవాళ్లు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ వందమంది ఉన్నా, ఎంతకు అడిగాడో, ఎంతకు దిగాడో మూడో మనిషికి తెలియదు. ఎందుకు? పక్కవాడికి తెలిస్తే నా బేరం చెడుతుంది కాబట్టి.

ఆ తువ్వాలే గోప్యత. అది సిగ్గుకు సంబంధించిన విషయం కాదు, బేరమాడే శక్తికి సంబంధించినది.

పాత షావుకారికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు ఒక్కటే కాదు. ఈ ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఎప్పుడు, ఈ రైతు అప్పు ఎంత, ఎన్ని రోజులు పంటను ఇంట్లో ఉంచుకోగలడు అన్నది ఆయనకు తెలుసు. ఎప్పుడు వంగుతాడో తెలిసినవాడికి రైతు తప్పక వంగుతాడు. షావుకారికి ఒక ఊరి సంగతే తెలుసు. నా సర్వే నంబరు, నా పంట, నా విత్తనం, నా అప్పు, నా కోత తేదీ అన్నీ ఒకే చోట చేర్చి, జిల్లా మొత్తానికి చూడగలిగేవాడు వస్తే? వ్యాపారికి ఎవరి అవసరం ఎంతో ముందే తెలుస్తుంది. బీమా కంపెనీకి ఎవరిని వదిలించుకోవాలో తెలుస్తుంది. అప్పిచ్చేవాడికి ఎవరి దగ్గర ఎక్కువ వడ్డీ గుంజవచ్చో తెలుస్తుంది. మన తువ్వాల తీసేసి, వాళ్ల తువ్వాల వాళ్లకు ఉంచితే అది బేరం ఎలా అవుతుంది?

ఇది ఊహ కాదు. 2021లో కేంద్ర వ్యవసాయ శాఖ అగ్రిస్టాక్ పేరుతో మైక్రోసాఫ్ట్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆరు రాష్ట్రాల్లో 100 గ్రామాలు ప్రయోగానికి తీసుకున్నారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు మూడు చట్టాలకు వ్యతిరేకంగా కూర్చున్న రోజులవి. రైతును అడగకుండా రైతు వివరాలు ఎలా ఇస్తారని 55 సంస్థలు కలిసి అభ్యంతరం రాశాయి.

మన రాష్ట్రంలో 2023 ఆగస్టులో వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్ ప్రారంభించారు. ప్రభుత్వం దగ్గర ఉన్న వ్యవసాయ సమాచారం కంపెనీలకు, పరిశోధకులకు అందే వేదిక అది. రైతు సమ్మతి ఉండాలని దాని విధానపత్రం చెబుతుంది. మంచిదే. ఈ సభలో ఉన్న రైతుల్లో ఆ పేరు విన్నవాళ్లు చెయ్యెత్తండి. (సభలో ఒక్క చెయ్యీ లేవలేదు.) చూశారు కదా. పేరే వినని దానికి సమ్మతి ఎలా ఇస్తారు?

ఒక్క కాలం తీసేస్తే

కంప్యూటర్‌లో గడి లేకపోతే మనిషే లేకుండా పోతాడు. ఇది మనకు తెలంగాణలో అనుభవం. పాత పహాణీలో పట్టాదారు కాలం పక్కన అనుభవదారు కాలం ఉండేది. మన ఊళ్లలో కాస్తు కాలం అంటాం. భూమి ఎవరిదో ఒక కాలం చెబితే, దున్నేది ఎవరో ఇంకో కాలం చెప్పేది. 2017 సెప్టెంబరులో మొదలైన రికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి కలిసి ఆ కాలాన్ని తీసేశాయి. ఎవరి భూమీ లాక్కోలేదు, ఎవరినీ కొట్టలేదు. ఒక గడి తీసేశారు, అంతే. దాంతో లక్షల మంది కౌలుదారులు సర్కారు కంటికి రైతులు కాకుండా పోయారు. రైతుబంధు పట్టాదారుకు వెళ్లింది. పంట పోయినా, ప్రాణం పోయినా కౌలుదారు కుటుంబం చేతిలో కాగితం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు ఇవ్వాలి. ఆ చట్టం ఇక్కడ కాగితం మీదే ఉండిపోయింది.

ధరణిలో తప్పు పడినవాళ్ల బాధ ఇంకో రకం. వీఆర్వోలను తీసేశారు. రెవెన్యూలో అప్పీలుకు దారి లేకుండా చేసి, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. రెండెకరాల రైతు సివిల్ కోర్టుకు ఎక్కితే, దిగేసరికి ఆ రెండెకరాలు ఉంటాయా? కొట్లాడగా కొట్లాడగా 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. చట్టంలో అప్పీలు పెట్టారు. అంటే ఏమిటి? మిషన్ దానంతటది మారలేదు. జనం అడిగితే చట్టం మారింది. చట్టం మారితే మిషన్ మారింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు రైతు నంబరు వచ్చింది. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. మూడేళ్లలో 11 కోట్ల మంది రైతులకు ఆధార్ లాంటి ప్రత్యేక నంబరు ఇవ్వాలని లక్ష్యం. మన రాష్ట్రంలో 2025 మే నెలలో నమోదు మొదలైంది. ఆ నంబరు భూమి రికార్డును పట్టుకుని ఇస్తున్నారు. అంటే పాత రికార్డులో తప్పుంటే కొత్త నంబరులోకి ఆ తప్పే వస్తుంది. పాత రికార్డులో కౌలుదారు లేకపోతే కొత్త దాంట్లోనూ లేడు. పునాది వంకరగా ఉంచి పైన గోడ నిటారుగా కడతామంటే కుదురుతుందా?

పేరు కలిస్తే రేషన్ పోయింది

‘నంబరు తీసుకుంటే నష్టమేంటి?’ అని అడిగేవాళ్లకు రేషన్ కార్డుల కథ చెబుతాను. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఒక్క రోజులో రాష్ట్రమంతా ఇళ్ల దగ్గర ఉండి వివరాలు చెప్పాం. దూరం ఊళ్ల నుంచి బస్సుల మీద ఎక్కి మరీ వచ్చారు. ‘చెప్పకపోతే పథకాలు పోతాయి’ అన్న భయం అది. తరవాత ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వచ్చింది. వాహనాల జాబితా, ఆస్తిపన్ను, కరెంటు బిల్లు, ఇలా వేరువేరు శాఖల దగ్గరున్న వివరాలను పేరు, చిరునామా పోలికతో కలిపి చూసి, ‘ఈ కుటుంబం అర్హమా కాదా’ అని చెప్పే వ్యవస్థ.

మన దగ్గర ఒకే పేరున్న మల్లయ్యలు, ఒకే పేరున్న అలీలు ఊరికి ఎంతమంది ఉంటారు? హైదరాబాదులో రిక్షా లాగి బతికిన ఒకాయనను, పేరు పోలిక వల్ల, కారున్న ఇంకో మనిషిగా ఈ వ్యవస్థ లెక్కగట్టిన సంగతి పత్రికల్లో వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికి వచ్చి చూసింది లేదు. హైదరాబాదు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డులను మనుషులను పంపి మళ్లీ పరిశీలించమని చెప్పింది. అదే మసూద్‌ను 2021లో పోలీసులు రోడ్డు మీద ఆపి ఫోటో తీస్తే, ముఖాలు గుర్తుపట్టే పరికరాలు ఏ చట్టం కింద వాడుతున్నారని హైకోర్టులో అడిగారు. రేషన్ షాపు దగ్గరి మిషన్, రోడ్డు మీది కెమెరా వేరువేరు సంగతులు కావని ఆయనకు అర్థమైంది. మనకూ అర్థం కావాలి.

అరిగిన వేలు, దొంగిలించిన వేలు

మా పిన్ని ఉంది. అరవై దాటింది. నలభై ఏళ్లు నాట్లు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆమె వేళ్ల మీద గీతలు లేవు. మిషన్ మీద పెడితే ఎర్ర లైటు. వేలు తడిపి, తుడిచి, కొంగుకు రుద్ది మళ్లీ పెడుతుంది. ‘రేపు రా పెద్దమ్మా’ అంటారు. తిరిగి వచ్చేటప్పుడు నాతో ఒక మాట అంది: ‘ఏమిరా, పని చేసిన చేతులనే ఈ మిషన్ గుర్తుపట్టకపాయె.’ ఈ ఒక్క మాట మీద మీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయొచ్చు.

ఒక పక్క పనిచేసే వేలు చెల్లదు. ఇంకో పక్క దొంగిలించిన వేలు చెల్లుతుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి దొరికాడు. ఆయన చేసిందేమిటి? భూమి రిజిస్ట్రేషన్ల వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టిన దస్తావేజులను దించుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబరుంది, వేలిముద్ర ఉంది. ఆ ముద్రతో రబ్బరు స్టాంపు లాంటిది తయారుచేసి, వేల సిమ్ కార్డులు తెరిచాడు. తరవాతి ఏళ్లలో ఇదే పద్ధతిలో బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు తీసిన ముఠాలు పట్టుబడ్డాయి. అందరూ భూమి కొన్నవాళ్లో, అమ్మినవాళ్లో. తాళం పోతే కొత్త తాళం కొనుక్కుంటాం. వేలిముద్ర పోతే కొత్త వేలు ఎక్కడ తెచ్చుకోవాలి?

2018 ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 30 వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. వాళ్లు చేసిన తప్పల్లా ఇల్లు కావాలని అడగడమే.

చట్టం ఏమంటోంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ తరవాత 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. పేరు బాగుంది. లోపల చూద్దాం. సబ్సిడీ, పథకం, లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వం మన వివరాలను కొత్తగా సమ్మతి అడగకుండా వాడుకోవచ్చు. వివరాలు బయటికి పోతే కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. ఆ జరిమానా ఎవరికి పోతుంది? ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయిన రైతుకు పరిహారం మాట అందులో లేదు.

ఇంకా ఒకటి ఉంది. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించారు. మనకు హక్కులిచ్చే సెక్షన్లు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. సమాచార హక్కు చట్టాన్ని కోసే సెక్షన్‌ను మాత్రం వెంటనే అమల్లోకి తెచ్చారు. ఇదివరకు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తుల వివరాలున్న కాగితాలనూ ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ‘ఇది వ్యక్తిగత సమాచారం’ అంటే చాలు, అధికారి ఇవ్వనని చెప్పొచ్చు. పంట నష్టం జాబితా అడిగితే, ఎవరి పేరున ఎన్ని ఎకరాలకు పరిహారం రాశారో అడిగితే, ఇదే జవాబు రావచ్చు.

2006లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉపాధి హామీ సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్ రోల్ గ్రామసభలో చదివితే, చచ్చిపోయినవాళ్లు కూలికి వచ్చిన సంగతి బయటపడేది. ‘మరి పేర్లు గోడ మీద రాయడం గోప్యతకు విరుద్ధం కాదా అన్నా?’ అని ఇందాక ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. సర్కారు డబ్బు ఎవరికి, ఎంత, ఎందుకు ఇచ్చారన్నది ఊరి సొత్తు. అది గోడ మీద ఉండాలి. నా వేలిముద్ర, నా ఫోన్ నంబరు, నా అప్పు, నా జబ్బు నా సొత్తు. అది నా తువ్వాల కింద ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది. గోడ మీద ఉండాల్సింది దాస్తున్నారు, తువ్వాల కింద ఉండాల్సింది బయట పెడుతున్నారు.

మనం అడిగేదేమిటి?

ఒకటి. రైతు నంబరు లేదనో, వేలు పడలేదనో, యాప్‌లో స్లాటు దొరకలేదనో ఏ రైతుకూ ఎరువు, కొనుగోలు, సాయం ఆపకూడదు. కాగితం దారి ప్రతి చోటా ఉండాలి.

రెండు. కౌలు రైతులను, పోడు రైతులను, మహిళా రైతులను సాగుదారులుగా రికార్డులోకి ఎక్కించాకే ఆ జాబితాను ‘రైతుల జాబితా’ అనాలి.

మూడు. ఎవరి పేరైనా తీసేసే ముందు తెలుగులో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇంటికి వచ్చి చూడాలి. ఏ అధికారి సంతకంతో తీశారో ఉండాలి. ‘కంప్యూటర్ తీసేసింది’ అన్నది జవాబు కాదు.

నాలుగు. నా రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారో నాకు కనిపించాలి. ఇది అసాధ్యం అంటారేమో. ఎస్టోనియా అనే చిన్న దేశంలో ప్రభుత్వం దగ్గరున్న తన వివరాలను ఏ శాఖ చూసిందో పౌరుడు చూసుకునే ఏర్పాటు ఉంది. అక్కడ కుదిరింది ఇంత ఐటీ ఉన్న హైదరాబాదులో కుదరదా?

ఐదు. రైతు వివరాలు ఏ కంపెనీకి ఇచ్చినా ఆ ఒప్పందం గ్రామసభ ముందు తెలుగులో పెట్టాలి. వివరాలు లీకై నష్టం జరిగితే రైతుకే పరిహారం రావాలి.

ఈ నెలలో చేయాల్సిన పని

డిమాండ్లు రాసి ఊరుకుంటే సరిపోదు. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఎవరికి వేలు పడలేదు, ఎవరి పేరు తప్పుంది, ఎవరికి స్లాటు దొరకలేదు, తేదీతో సహా రాయాలి. రైతు నంబరు తీసుకున్నవాళ్లు తమ సర్వే నంబర్లు, విస్తీర్ణం సరిగా ఎక్కాయో లేదో చూసుకోవాలి. తప్పుంటే నోటిమాటగా కాదు, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకునే వీలుంది, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు. అది పెద్దవాళ్లకు చేసి పెట్టండి. ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దని గడప గడపకూ చెప్పండి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీలో సగం మంది రైతు బిడ్డలే. మీ నాన్న ఫోన్‌లో ఏ యాప్ దేనికి అనుమతి అడుగుతోందో మీకు చదవడం వచ్చు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పూట పంచాయతీ దగ్గర కూర్చోండి. సమాచార హక్కు దరఖాస్తు రాయడం, రికార్డు తీసి చూపించడం, తప్పులకు అర్జీ రాయడం చేయండి. చదువుకున్నవాళ్లు పక్కనుంటే మిషన్‌కు జనం భయపడరు.

తార్నాకలో ఇప్పుడు ఆ తీగా లేదు, ఆ చౌకీ లేదు. పేరొక్కటి మిగిలింది. కంచె వేసినవాళ్లు అది ఎప్పటికీ ఉంటుందనుకున్నారు. మన చుట్టూ వేస్తున్న ఈ కనిపించని కంచె కూడా మనుషులు వేసిందే. మనుషులు అడిగితే అదీ మారుతుంది. ధరణి మారలేదా? అయితే అడగాలి, కలిసి అడగాలి, కాగితం మీద అడగాలి.

మా పిన్ని చేతుల్ని మిషన్ గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు. ఆ చేతులు పండించిన అన్నం తినే సర్కారు గుర్తుపట్టాలి. సెలవు.